ద్వీపదేశానికి ఒక నిమిషం

“అంత చిన్న దేశానికి జెండా ఎందుకండీ? జేబురుమాలు చాలదా?” అంది ఓడరేవుల దేశం తరఫున కందిరీగ. మాటలతో కుడుతుందని ఆ పిల్లకి తోటివాళ్లు పెట్టిన పేరది.

హాలంతా నవ్వింది. అధ్యక్షురాలి కుర్చీలో ఉన్న అక్క మాత్రం నవ్వలేదు. ద్వీపదేశం అట్ట ముందు పెట్టుకుని, రెండో వరుసలో తల వంచుకుని కూర్చున్నది ఆమె సొంత చెల్లెలు.

ఆ ఆడపిల్లల హాస్టల్ బడిలో శనివారం శనివారం దేశాల సభ జరుగుతుంది. ఒక్కో పిల్లా ఒక్కో దేశం తరఫున వాదించాలి. మాట్లాడాలనుకున్నవాళ్లు తమ దేశం పేరున్న అట్ట పైకెత్తాలి. పిల్లలకి బెరుకు పోవాలని సోషల్ టీచర్ పెట్టిన పద్ధతి ఇది. ఒక నియమం ఆవిడ సొంతంగా చేర్చింది. ఎవరైనా ఒక దేశాన్ని హేళన చేస్తే, ఆ దేశం అట్ట ఎత్తకపోయినా సరే, అధ్యక్షురాలు పిలిచి జవాబుకి ఒక నిమిషం ఇవ్వాలి. పిలిచాక లేచి తీరాలి.

“ద్వీపదేశానికి ఒక నిమిషం,” అంది అక్క.

చెల్లెలు లేచి బల్ల అంచు పట్టుకుంది. “మా జెండా... మాకు చాలు,” అని కూలబడింది.

ఈ బడిలో చేరాక ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు. ఏడాదంతా ఇలా మూగమొద్దులా ఉంటే ఇంటికి తెచ్చేసుకుంటానని అమ్మ కచ్చితంగా చెప్పింది. అలా కానివ్వనని అక్క మాటిచ్చింది.

వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. కొట్లో పెరిగిన అక్కకి లోకం తక్కెడలాగే కనిపిస్తుంది. ఒక పళ్లెం పైకి లేచిందంటే రెండోదాంట్లో ఏదో పడ్డట్టే. అందుకే సాయంత్రం చెల్లెలి వంతు బిస్కెట్లు కందిరీగ చేతిలో కనబడగానే చూపు అక్కడే ఆగింది. తర్వాత కిటికీ పక్కనున్న చెల్లెలి మంచం కూడా కందిరీగదైంది. ఆ తర్వాత కందిరీగ యూనిఫాంని చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది, అదీ కాలర్ మడత చెడకుండా.

అడిగితే ఆకలి లేదంది. కిటికీ గాలికి జలుబు చేస్తోందంది. ఇస్త్రీ సంగతి ఎత్తితే నేల చూపులు చూసింది.

“ఇన్ని ఇస్తున్నావు సరే, అది నీకేమిచ్చిందే?”

“ఏమీ లేదక్కా.”

ఏమీ రాని చోట సరుకంతా అప్పజెబుతున్నారంటే అది బేరం కాదు, బెదిరింపు. అక్కకి అనుమానం అక్కడ పట్టుకుంది.

మరుసటి శనివారం కందిరీగ మళ్లీ ఎగబడింది. సముద్రం కాస్త ఒళ్లు విరుచుకుంటే పటంలో మిగలని దేశానికి ఓటెందుకంది. చెల్లెలు తడబడుతూనే అర నిమిషం లాక్కొచ్చింది. ఆ పై వారం, చేపలు పట్టడం తప్ప ఏం తెలుసు వీళ్లకి అంటే, “మీ కంచంలో చేప ఎక్కడిదో ముందు అది చెప్పండి,” అంది. సభ చప్పట్లు కొట్టింది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా తిరగబడుతుంది, అందులో కొట్టినవాళ్ల గొప్పేముందనుకుంది అక్క. పైగా కందిరీగ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకోవడం కంటబడి ఒళ్లు మండింది.

కుళాయి దగ్గర దొరకబుచ్చుకుంది. “మా చెల్లి జోలికి రాకు.”

“సభలో దేశాలుంటాయి. చెల్లెళ్లుండరు,” అంది కందిరీగ మొహం తుడుచుకుంటూ.

“మరి బయట?”

“దాన్నే అడుగు.”

అడిగే అవసరం లేకపోయింది. శుక్రవారం ఇస్త్రీ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల కందిరీగ గొంతు వినబడింది. “ఈసారి ఏడిచావంటే ఊరుకోను.” చెల్లెలు ముక్కు ఎగబీల్చి, సరేనంది.

అక్క తిన్నగా టీచర్ దగ్గరికి వెళ్లింది. హద్దు మీరిన వాళ్ల సీటు తీసేసే అధికారం అధ్యక్షురాలికి ఉందని ఆవిడ చెప్పింది. కాకపోతే అందరి ముందూ కారణం చెప్పాలి, అభ్యంతరాలు అడగాలి. చాటున తీర్పులు చెల్లవు.

శనివారం కందిరీగ తన హద్దు తానే దాటింది. “పక్కనున్న అక్క దేశం కొంగు పట్టుకుని నిలబడిందిగానీ, ఈ ద్వీపానికి వెన్నెముక ఎక్కడిది?” అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చెల్లెలి మొహం పాలిపోయింది. అక్క నిమిషం ఇవ్వలేదు. బల్ల మీద చెక్కసుత్తి కొట్టింది.

“ఇది దేశాన్ని అన్న మాట కాదు. వరసగా ఒకే మనిషిని సతాయిస్తున్నందుకు ఓడరేవుల దేశం సీటు తీసేస్తున్నాను. ఇక మిగతా సభలకి కూడా రానక్కర్లేదు.”

మాటకి మాట అప్పజెప్పే కందిరీగ చెల్లెలి వైపు ఒకసారి చూసి, తన అట్ట తీసుకుని తలుపు వైపు నడిచింది. తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది అక్క. గుండె మీద బరువు దిగింది.

“అభ్యంతరం ఉన్నవాళ్లు అట్ట ఎత్తొచ్చు,” అంది, నియమం కాబట్టి.

రెండో వరుసలో ద్వీపదేశం పైకి లేచింది.

ఎవరూ హేళన చేయలేదు. ఎవరూ పిలవలేదు. అక్క చెక్కసుత్తి పక్కన పెట్టి, చెప్పమన్నట్టు తలాడించింది. చెల్లెలు బల్ల పట్టుకోకుండా నిలబడింది. గొంతు చివరి వరుస దాకా వినబడింది.

“అధ్యక్షా, ఆ నిమిషం కోసం నన్ను తిట్టమని ఆమెని కుదుర్చుకున్నది నేనే.”