ద్వాదశి నాటి తులసి

రంగు కలిసిన నూతినీళ్లతో చేసే అభిషేకం స్వామికి చేరుతుందా? ఈ సందేహం మహాలక్ష్మమ్మను ఆరేళ్లుగా వదల్లేదు. గోడ పక్కనే ఖాదర్ అద్దకం షెడ్డు. అక్కడి తొట్టిలోంచి ఇంకిన ఎరుపు ఆవిడ నూతిలో తేలుతుంది. అయినా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

"నాను పెట్టలేదురా ఆసిమ్! వెంకన్న మీద ఒట్టు," అంది షెడ్డులో నిలబడి మహాలక్ష్మమ్మ.

"మరెవులు పెట్టినారు ఫిర్యాదు? పాడైన నుయ్యి నీదే కదా!" ఖాదర్ కొడుకు తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "పన్నెండింటికి పొల్యూషన్ ఆఫీసర్ వత్తన్నాడు. తొట్టిలో రంగుంటే షెడ్డుకి సీలే. పదకొండు మంది పనోళ్లు ఏటి తింటారు పెద్దమ్మా?"

ఖాదర్ ఓ మూల తల వంచుకు కూర్చున్నాడు. ఆసిమ్ చెల్లెలు షబ్నం పొయ్యి మీద తులసాకులు మరిగిస్తోంది. ఆ రసంలో వెండి ఉప్పు కలిపితే కంటికి ఆనని వెండి నలుసులు పుడతాయనీ, అవి ఎండలో రంగును విరగ్గొడతాయనీ కాలేజీలో నేర్చుకుంది. రెండేళ్లుగా చెబుతూనే ఉంది. "నీ కషాయం నువ్వే తాగు" అని నవ్వేవాడు ఆసిమ్. ఇవాళ ఆమె కాళ్లు పట్టుకునేలా ఉన్నాడు.

"ఆకు చాల్లేదన్నా. సగం తొట్టికే వచ్చింది."

అందరూ మహాలక్ష్మమ్మ పెరటి వైపు చూశారు. ఆవేళ ద్వాదశి. తులసి తుంచకూడదు. నలభై ఏళ్లలో ఆవిడ ఒక్కసారీ ఆ తప్పు చేయలేదు.

"నువ్వు తాగేదీ ఆ రంగునీళ్లే కదా తల్లీ," అంటూ తులసికి దండం పెట్టి, కళ్లు మూసుకుని కొమ్మలు విరిచింది.

వెండి ఉప్పు పడగానే రసం గోధుమరంగుకు తిరిగింది. ఎండలోని తొట్టిలో పోశారు. పదకొండున్నరకీ ఎరుపే. ఆసిమ్ గోడకు తల ఆనించేశాడు. మరో పావుగంటకు నీళ్లు గులాబీ అయ్యాయి. వీధిలో జీపు ఆగేసరికి తొట్టి అడుగు కనిపించింది.

ఆఫీసర్ నీళ్లు సీసాలో పట్టి వెలుగుకెత్తాడు. "సీలు వేయం. నెలనెలా వచ్చి చూస్తాం."

"ఇక రోజూ నీ కషాయమేనే!" ఆసిమ్ చెల్లెలి చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఖాదర్ మెల్లగా మహాలక్ష్మమ్మ దగ్గరకొచ్చాడు. "హుద్‌హుద్ తుపానప్పుడు వారం రోజులు మా ఇంటిల్లిపాదీ మీ నూతినీళ్లే తాగాం. ఆ రుణం ఇయ్యాల తీరిందమ్మా."

"నువ్వేటి తీర్సినావు బాబూ? సేసిందంతా నీ కూతురైతే!"

ఆఫీసర్ కాగితం ముందుకు జరిపాడు. "ఫిర్యాదు చేసినవారు ఇక్కడ సంతకం పెట్టాలి."

ఆసిమ్ మహాలక్ష్మమ్మను గుర్రుగా చూశాడు.

"చెల్లి మాట రెండేళ్లుగా విన్నావేటిరా?" అంటూ ఖాదర్ పెన్ను అందుకుని సంతకం పెట్టాడు.