గోడ పెట్టెకు కోటిలింగం జవాబు

బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ సర్కారు ఒక నర్సమ్మను పంపుతున్న రోజులవి. నిధుల పెత్తనం మాత్రం ప్రతి ఇంటి గోడకూ సర్కారు బిగించిన మాట్లాడే పెట్టెది. నర్సమ్మ వచ్చాక బాగుందని ఇంట్లోవాళ్లంటే పెట్టె ఆమెను పంపుతూ ఉంటుంది, లేదంటే డబ్బు దండగని మానేస్తుంది.

గుంటూరు మిర్చి వ్యాపారి కోటిలింగం భార్య హైమ, కాన్పయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది. నర్సమ్మ ఎస్తేరు నెలరోజులు వచ్చాక లేచి అన్నం తింది, పిల్లనెత్తుకుంది.

"ఇప్పుడు బాగుందా?" అని పెట్టె అడిగింది.

బాగుందంటే రైతు ధర పెంచమంటాడు, పన్నులవాళ్లు గుమ్మమెక్కుతారు. అందుకని కోటిలింగం పాతికేళ్లుగా ఎవరడిగినా ఒకటే చెబుతాడు. "ఏం బాగులెండి, ఏదో నెట్టుకొస్తున్నాం."

మర్నాటినుంచి ఎస్తేరు రాలేదు. హైమ మళ్లీ గోడవైపు తిరిగింది.

"పన్నులోళ్లకి చెప్పేది దీనిక్కూడా చెప్పావంట్రా?" అని తల్లి తల బాదుకుంది.

కోటిలింగం పెట్టెముందు చేతులు కట్టుకున్నాడు. "తల్లీ, బాగుంది. ఆవిడొస్తే చాలా బాగుంది."

పెట్టె సర్కారు దస్త్రాల్లో ఉన్న అతని పాత మాటలన్నీ తిరగేసింది. "పాతికేళ్లలో మీరు బాగుందనడం ఇదే మొదటిసారి. నమ్మదగినట్టు లేదు," అంది మర్యాదగా. "మీ పాతికేళ్ల నష్టాలకు మా సానుభూతి."