నాలుగు వేళ్ల కప్పు

"ఈ గుంటలు తీసెయ్యాలె, వికాస్," అంటూ రామచందర్ నారింజ రంగు కప్పును టేబుల్ మీద ఠపీమని పెట్టాడు.

"అవి తీస్తే ఇంక ఆ కప్పుల ఏముంటది సార్?"

"పాలుంటయి. నీళ్లుంటయి. పిల్లలు తాగేతందుకు చేసినం గని, చూసేతందుకు కాదు గదా!"

వికాస్ కప్పును చేతిలోకి తీసుకున్నాడు. జహీరాబాద్ శివారులో ఉన్న ఆ ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి డిజైనర్ అతనొక్కడే. బకెట్లు, మగ్గులు, టిఫిన్ డబ్బాలు పోసే చోట పిల్లల కప్పు ఒకటి చేసి, దాన్ని హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ అద్దాల పెట్టెలోకి ఎక్కించిన ఘనుడు. అక్కడికొచ్చిన వాళ్లంతా మెచ్చుకున్నది కప్పు మీదున్న నాలుగు వేళ్ల గుంటలనే. ఒకటి లోతు, ఒకటి పైపైన. చిటికెన వేలిదైతే పక్కకు జారిపోయి ఉంటుంది. అందమంతా అందులోనే ఉందన్నారు. దుకాణాల్లో మాత్రం ఆ అందం ఎవరికీ అక్కర్లేకపోయింది.

"బీదర్ నుంచి, సంగారెడ్డి నుంచి ఒకటే మాట. జర పెద్ద పిల్లల వేళ్లు గీ గుంటలల్ల పడ్తలెవ్వంట. ఇంతకు ఇది ఎవరి కొలత?"

"మా పాపది సార్. దీక్షితది."

"ఒక్క పిల్ల చెయ్యి చూసి డై చేయించినవా?"

తప్పే. నలుగురు పిల్లల చేతులు కొలిచి, సగటు తీసి, ఆ తర్వాత గీత గీయాలి. ఆ సంగతి వికాస్‌కు తెలియక కాదు. ఒక ఆదివారం ఇంట్లో మట్టితో నమూనా చేస్తుంటే రెండేళ్ల దీక్షిత వచ్చి దాన్ని గట్టిగా పట్టేసుకుంది. దాన్ని సరిచేయడానికి అతనికి చేతులు రాలేదు. ఆ అచ్చుతోనే డై, అంటే కప్పులు పోసే ఉక్కు మూస, తయారైంది. కప్పుతో పాటు పంపిన మట్టి నమూనా గ్యాలరీ నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలోనే పొడి అయిపోయింది.

"అయిందేదో అయింది," అన్నాడు రామచందర్. "పిల్ల ఇప్పుడు జర పెరిగి ఉంటది గదా! మట్టి తీస్కపోయి మల్లొక్కసారి పట్టిచ్చుకొని రా. పెద్ద గుంటలతోని డై మార్పిస్త. లేకుంటే రేపు పొద్దుగాల అరగదీసి నున్నగ చేసుడే."

పక్కనే ఉన్న హఫీజుద్దీన్ నోరు తెరిచాడు. డైలు బిగించేదీ బాగుచేసేదీ ఆయనే. "సార్, జర ఆగుండ్రి..."

వికాస్ కళ్లతోనే వద్దన్నాడు. రామచందర్ పోయిన నెలే వచ్చిన మేనేజర్. కొత్త మేనేజర్ ముందు నోరు జారితే ఏమవుతుందో ఎవరికి తెలియదు? మిగతా పనివాళ్లు తలలు దించుకున్నారు.

కప్పు మీద గుంటలైనవి డైలో ఉబ్బెత్తుగా ఉంటాయి. ఉక్కు మీద లేచి నిలబడ్డ నాలుగు బుల్లి వేళ్లు. రోజూ పని మొదలయ్యే ముందు వికాస్ మెత్తటి బట్టతో తుడిచేది వాటినే. ఎందుకంత ప్రేమ అని మిషన్ల దగ్గరివాళ్లు ఎవరూ అడగరు. గ్యాలరీకెక్కిన డిజైన్ మరి!

సాయంత్రం ఇల్లు చేరేసరికి భార్య నందిని పొయ్యి దగ్గర ఉంది.

"చేతిల ఏంది?"

"మట్టి. పాప చెయ్యి మల్లా అచ్చు తెమ్మన్నడు కొత్త సార్."

అత్తకు వినపడకుండా నందిని లోపలి గది తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించింది.

"పెరిగి ఉంటదన్నడా?"

"అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? తీసుకొని వచ్చిన."

"ఉన్న అచ్చే ఉండనియ్యి. అది దానిది. దాన్ని ముట్టొద్దని చెప్పు."

"చెప్దామనే అనుకున్న. నోరు రాలే."

పాలు పొంగాయి. నందిని అలవాటుగా నారింజ కప్పులో పోసి అరుగు మీద పెట్టింది. అవి అక్కడే చల్లారిపోయాయి.

మట్టి ముద్ద తడిబట్టలో ఎట్లా పోయిందో పొద్దున అట్లాగే ఫ్యాక్టరీకి తిరిగొచ్చింది. రామచందర్ బట్ట విప్పి చూశాడు.

"ఏమాయె?"

"కొత్త కొలత లేదు సార్. పాతదే."

"ఇన్ని రోజులల్ల పిల్ల పెరగలేదా?"

"పెరగలేదు సార్."

రామచందర్ మొహం ఎర్రబడింది. "నాతోని పరాచకాలా? గ్యాలరీల పెట్టంగనే కండ్లు నెత్తికెక్కినయి నీకు. హఫీజ్, అరగదియ్యి!"

హఫీజుద్దీన్ కదల్లేదు. వికాసే డై దగ్గరికి వచ్చి, ఆ నాలుగు బుడిపెల మీద బొటనవేలు ఒక్కొక్కటిగా ఆనించాడు.

"నువ్వే చెయ్యి, హఫీజ్ భాయ్. ఇంకొకల చేతికి ఇయ్యకు."

"నాతోని కాదు బేటా."

"జర మెల్లగ," అని వికాస్ బయటికి వెళ్లిపోయాడు.

హఫీజుద్దీన్ చేతిలో గ్రైండర్ మొదలైంది. ముందు చిటికెన వేలు పోయింది. తర్వాత మిగతావి. గేటు పక్కన వికాస్ రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. అయినా వినిపిస్తూనే ఉంది. ఇక రేపు పొద్దున ఈ గేటు లోపలికి ఎందుకు రావాలో అతనికి తోచలేదు.

రామచందర్ డై మీద చెయ్యి రాసి చూసి తలూపాడు. "గింత దానికి ఎంత పంతం చూడు! ఒక్కసారి ఆ పిల్లను తోల్కొస్తే అయిపోతుండె."

హఫీజుద్దీన్ కింద రాలిన ఉక్కు పొడిని అరచేత్తో దగ్గరికి తీసి, దస్తీలో పోసి ముడి వేశాడు.

"ఆ పొడి ఎందుకయ్యా?"

"వికాస్‌కు ఇయ్యాలె సార్."

"ఏం చేసుకుంటడు?"

హఫీజుద్దీన్ ముడిని ఇంకాస్త బిగించాడు.

"ఆ పాప పోయి ఏడాదాయె, సార్."