ఒక పూత ఎక్కువ

ఆపరేషన్ సాధన చేసుకోడానికి చేసిన మూడో బొమ్మలోనూ పెద్ద సిర చిరిగింది. పంపు తోస్తున్న ఎర్రనీళ్ళు గడ్డ చుట్టూ నిండి, బల్ల అంచు దాటి, సర్జన్ చెప్పుల మీద పడ్డాయి. ఆయన కత్తెర ట్రేలో పడేసి, "నావల్ల కాదమ్మా," అన్నాడు.

అక్కడ ఇలాంటి బొమ్మలు చెయ్యడమే ఉద్యోగమైనావిడ, చిరిగిన సిరని వేలితో తడిమి చూసింది. ఆయన పద్ధతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. బొమ్మ మీద చెయ్యలేనిది మనిషి మీద చచ్చినా చెయ్యడు. మరి ఈ బొమ్మ ఎవరి స్కాన్ చూసి చేసిందనుకున్నారు? కట్టుకున్నవాడిది. పేగుల సంచికి వెనక, వెన్నెముకకు ముందు ఉండే ఇరుకు చోటులో, కిడ్నీ పక్కన, నిమ్మకాయంత గడ్డ పెద్ద సిరను కరుచుకుని కూర్చుంది. తియ్యకపోతే మూడు నెలలన్నారు. ఇంకో రెండు ఆసుపత్రుల వాళ్ళు స్కాన్ చూసే చేతులెత్తేశారు.

ఇంకొక్కటి చేసిస్తాను, ఒక్కసారి చూడండని కాళ్ళావేళ్ళా పడింది. ఆయన కాదనలేక సరేనన్నాడు.

పై అంతస్తులో మంచం మీదున్న మొగుడు ఆవిణ్ణి చూడగానే మొదలెట్టాడు. నా కడుపులో ఏముందో నాకన్నా నీకే బాగా తెలుసు, నీకు చెప్పకుండా తిన్నవి కూడా కనిపించాయా అని వేళాకోళం. నవ్వు తెచ్చిపెట్టుకోలేక చచ్చింది పాపం.

రెండు రోజులు తన పనిగదిలోనే ఉండిపోయింది. కొవ్వుకి జెల్లీ పోసింది, కిడ్నీ అమర్చింది, గడ్డ అతికించింది. సిర దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. స్కాన్ ప్రకారం సిలికాన్ మూడు పూతలు. ఆ మూడూ ఆరాక, తలుపు గడియ పెట్టి నాలుగోది వేసేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి!

ఈసారి గడ్డ ఊడొచ్చింది. సిర చెక్కుచెదరలేదు. రేపు పొద్దున్నే చేసేద్దామని చెప్పి సర్జన్ వెళ్ళిపోయాడు.

అప్పుడు పట్టుకుంది ఆవిడకి అసలు భయం. లోపలున్న నిజం సిరకి నాలుగో పూత ఎక్కణ్ణుంచి వస్తుంది? చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది. చెప్పకపోతే మనిషి బల్ల మీదే పోతాడు. చెబుదామని ఎన్నిసార్లో ఫోను తీసింది, మళ్ళీ పెట్టేసింది.

మర్నాడు స్ట్రెచర్ థియేటర్లోకి వెళ్ళిపోయాక ఇక ఉండబట్టలేదు. చేతులు కడుక్కుంటున్న సర్జన్ దగ్గరికి పరిగెత్తి, వెక్కుతూ ఉన్నదంతా కక్కేసింది.

"నా చేతులతో నేనే ఆయన్ని చంపుకుంటున్నాను. ఆపండి."

ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్దుతూనే ఉన్నాడు. పూత ఎక్కువైందని కత్తెర ఆనించగానే తెలిసిందన్నాడు.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. "తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు?"

"దాన్ని చూసి ఒప్పుకోలేదమ్మా. మీరు చెత్తలో పారేసిన ఆ మూడు చిరిగిన బొమ్మల్నీ తెచ్చుకుని, పంపు పెట్టుకుని, ఈ రెండు రోజులూ వాటితోనే కుస్తీ పడ్డాను. చిరగకుండా తియ్యడం నాకింకా రాలేదు. చిరిగాక కుట్టడం వచ్చింది."