అద్దాల రింగులు

“తలకు తువ్వాల కట్టు. కట్టినంకనే దగ్గరికి రా,” అన్నాడు రాయమల్లు.

డోజర్ ఆపరేటర్ హైదర్ నవ్వాపుకుంటూ తువ్వాల చుట్టుకున్నాడు. “మరి నీ తలకో కాకా?”

“నాకున్నయే నాలుగు. అవి యాడికి పోతయో నాకెరుకే.”

“పోయినసారి ఐదున్నట్టు గుర్తు.”

రాయమల్లు నవ్వలేదు. భార్య పోయాక అతను నవ్వడం తన ఊరు రఘునాథపల్లిలో ఎవరూ చూడలేదు. అక్కడినుంచి బస్సెక్కి రిపేరు పనికి స్టేషన్ ఘన్‌పూర్ రావడం రెండేళ్లలో ఇది నాలుగోసారి. ప్రతిసారీ అదే పాత డోజర్. అదే ఎడమ చైన్. ఆ చైన్‌ను తిప్పే అదే ఫైనల్ డ్రైవ్ నుంచి అదే ఆయిల్ కారడం.

చైన్ నిన్ననే విప్పారు. ఇవాళ పెద్ద పళ్లచక్రాన్ని లాగి, దాని వెనకున్న రెండు ఉక్కు రింగులను బయటికి తీశాడు. హైదర్ వంగి చూసేలోపే వాటి నడుమ బొటనవేలితో తుడిచేశాడు.

“ఏముండె కాకా అండ్ల?”

“నీ తెలివి. శాన చిన్నగుంది, కనవడది.”

హైదర్ పడీపడీ నవ్వాడు.

కొత్త రింగులు అద్దాల్లా ఉన్నాయి. ఒకదాని ముఖం ఇంకోదానికి ఆని తిరగాలి, లోపలి ఆయిల్ బయటికి రాకూడదు.

“నడుమ ఒక్క ఎంటిక పడ్డా సాలు. ఆర్నెల్లకు బొట్లు బొట్లు మొదలైతది. ఎన్నిసార్లు చెప్పిన. నువ్వేమో దీనిమీదనే తల దులుపుతవ్.”

“అల్లా కసమ్ కాకా, నేను దులపలే.”

“మరి నేను దులిపిన్నా?”

మొగిలమ్మ అన్నానికి పిలిచింది. భర్త కుమారస్వామి చనిపోయినప్పటినుంచీ, ఆరేళ్లుగా ఆ డోజర్‌ను కిరాయికి నడిపిస్తున్నది ఆమే. బయటి ఊరి మేస్త్రీ పనయ్యేదాకా బండి ఓనరింట్లోనే తింటాడు. అది అక్కడి పద్ధతి.

“పచ్చిపులుసుల ఉప్పెక్కువైంది,” అన్నాడు రాయమల్లు, మూడోసారి పోయించుకుంటూ.

“అందుకేనా మేస్త్రీ, గిన్నె ఖాళీ చేస్తున్నవ్?”

హైదర్‌కు పొలమారింది. అతని నెత్తిమీద తట్టబోయి మొగిలమ్మ తనే నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నవ్వు తగ్గాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“పొద్దుగాల బండి ములుగు పోవాలె. చెరువుకట్ట పని. కాంట్రాక్టర్ ఒకటే ఫోన్లు చేస్తాండు. నడుమల ఆగిందనుకో, ఎల్లగొడ్తడు.”

“ఎన్ని నెల్ల పని?”

“నాలుగు.”

రాయమల్లు వేళ్లమీద ఏదో లెక్క చూసుకున్నాడు. “ఆ పనయ్యేదాక బొట్టు రాలది. జిమ్మేదారి నాది.”

“ఆ పనయ్యేదాక ఏంది, ఇగ కారనే వద్దు. ఈసారి మంచిగైతే మల్ల నీతోని పనేం పడది గద.” గిన్నెలు సర్దుతూ, ముఖం అటు తిప్పుకుని అన్నది.

“పడది,” అన్నాడు రాయమల్లు. చెయ్యి కడుక్కుని లేచాడు.

డోజర్ దగ్గర ఉతికిన గుడ్డతో రింగులు రెండూ తుడిచాడు. వెలుగులో పెట్టి చూశాడు. దుమ్ము లేదు. పలచగా ఆయిల్ రాశాడు.

“హైదరూ, పెద్ద పానా తేపో.”

హైదర్ ఈల వేసుకుంటూ షెడ్డులోకి పోయాడు.

రాయమల్లు ఎప్పటిలాగే తన తలలోంచి ఒక తెల్లవెంట్రుక పీకి, రింగుల నడుమ పెట్టాడు.