హాల్లోకి వెళ్ళిన కొట్టం

అక్షర దోషాలుంటే సర్దుకుని చదువుకోండి. రాయడం నాకు అరవై దాటాక వచ్చింది. ఇప్పటికీ ఒక్కో మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాలి. అందుకే చుట్టూ తిప్పకుండా సంగతికి వచ్చేస్తాను.

నా పడకగది కిటికీ తెరిస్తే ఎదురుగా కొట్టం. ఆవులు లేని కొట్టం. ఏటికేడాది నా ఇంటి మీదికి ఒరుగుతోంది. పోయిన చలికాలం మంచు బరువుకు దూలం ఒకటి విరిగి నా కోళ్ళగూటి మీద పడింది. ఈసారి మంచు కురిస్తే గోడ గోడంతా నా మంచం మీదికే వస్తుంది. కూల్చమని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. "ఇంకో వందేళ్ళు నిలబడుతుంది, వెల్డా" అనే మాటే తప్ప ఒక్క మేకు పీకిన మగాడు లేడు.

అక్టోబరు చివర్లో ఒక శనివారం, తెల్ల పికప్ ట్రక్కు వచ్చి నా వాకిట్లో ఆగింది. దిగినవాళ్ళు ట్రెంట్, కెన్లీ. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. డి మోయిన్ పట్నం శివార్లలో ఇల్లు కొన్నారట. గోడలు నున్నగా ఉన్నాయట, తలుపులు కిర్రుమనకుండా పడుతున్నాయట. అదే వాళ్ళ బాధ.

"ఇల్లంతా పాతకాలపు రైతుల ఇల్లులా, ఫామ్‌హౌస్ స్టైల్లోకి మార్చేస్తున్నాం బామ్మగారూ! అదీ తక్కువ ఖర్చులో," అంది కెన్లీ.

పాలక్యాన్‌లో గొడుగులు పెట్టిందట. కోళ్ళు గుడ్లు పెట్టే గూళ్ళలో చెప్పులు సర్దిందట. పందుల కుడితి తొట్టిని బాత్‌రూమ్‌లో బిగించి అందులో మొహం కడుగుతున్నారట. కొత్త బల్లను గొలుసుతో బాది పాతది చేశాడట మొగుడు.

ఆ సామాను ఇంట్లోంచి బయటికి నెట్టడంతోనే మా అమ్మ బతుకు తెల్లారింది. ఈ పిల్ల ఎదురు డబ్బిచ్చి లోపలికి తెచ్చుకుంటోంది.

"హాల్లో ఒక్క గోడకి మాత్రం అసలైన కొట్టం చెక్క కావాలి," అన్నాడు ట్రెంట్. "షాపుల్లో ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఆ చెక్కలు అమ్ముతారా?"

"నేను చెక్కలు అమ్మను, నాయనా."

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

"పోనీ, మేమే విప్పుకుని, మేమే మోసుకెళ్ళి, చెత్తంతా ఊడ్చిపెట్టి పోతే?" అన్నాడు ట్రెంట్.

"మీరు విప్పుకుంటుంటే చూస్తూ కూర్చోవడానికి నాకేం కష్టం?"

కెన్లీ నన్ను కావలించుకుంది. పర్సు తీయబోయింది.

"నా చేతిలో ఒక్క డాలరు పెట్టినా ఊరుకోను," అన్నాను.

"చూశావా ట్రెంట్? ఈ కాలంలో కూడా ఇంత మంచివాళ్ళున్నారు!" అని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడే ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చారు. అందరికీ కొత్త చేతితొడుగులు, మట్టి ఎరగని బూట్లు. మగవాళ్ళు మేకులు పీకుతుంటే కెన్లీ ఊడిన ప్రతి చెక్కతోనూ ఫొటో దిగింది.

"ఇది మీ ఆయన కట్టారా, బామ్మగారూ?"

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు, అమ్మాయ్."

"అబ్బ, ఎంత ముద్దుగా చెప్తారో!" చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. "ఏదో పాతకాలపు పరిమళం!"

"పేడ."

"ట్రెంట్, విన్నావా? నిజం పేడట!"

పై ఆదివారానికి కప్పు దిగింది, మూడు పక్కలా గోడలు పోయాయి. నా పడకగది వైపు ఒరిగిన గోడ ఒక్కటే మిగిలింది. దాన్ని చూసి ట్రెంట్ చేతితొడుగులు విప్పేశాడు.

"చాలు. చెక్కలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. దీన్ని ముట్టుకుంటే మన నెత్తినే పడేలా ఉంది."

బుధవారం మంచు తుఫాను అని పొద్దున్నే రేడియోలో చెప్పారు. ఆనించి నిలబెట్టిన మూడు గోడలూ లేకుండా అది బుధవారం దాకా కూడా ఆగదు.

"మీ ఇష్టం, నాయనా," అన్నాను నింపాదిగా. "మంచివి వదిలేసి వెళ్తున్నారు, అంతే."

కెన్లీ గిర్రున తిరిగింది. "మంచివా?"

"ఆవులు వీపు గోక్కున్న గోడ అది. చెయ్యి పెట్టి చూడు, ఎంత నున్నగా అరిగిందో."

చెయ్యి పెట్టింది. గుక్క తిప్పుకోలేకపోయింది.

"కెన్లీ, వద్దు," అన్నాడు ట్రెంట్, ముందే అర్థమై.

"ఆవులు గోక్కున్న గోడ, ట్రెంట్! మీ అక్క వాళ్ళింట్లో ఉందా ఇలాంటిది? ఉందా చెప్పు!"

అక్క పేరెత్తాక మొగుడు చేతితొడుగులు మళ్ళీ తొడుక్కున్నాడు. గోడకు తాళ్ళు బిగించి, ట్రక్కుకు కట్టి అవతలికి లాగాడు. గోడ నా కిటికీ వైపు ఒకసారి ఊగింది. మనసు మార్చుకుని అవతలికి పడింది. దుమ్ము తేరేదాకా నేను రెండు చేతులతో కుర్చీని పట్టుకునే ఉన్నాను. కెన్లీ చప్పట్లు కొట్టింది.

చివరి చెక్క కూడా బండికెక్కించి, అన్నమాట ప్రకారం నేల ఊడ్చిపెట్టి మరీ వెళ్ళారు.

బుధవారం మంచు దట్టంగా పడింది. మంచం మీద వెల్లకిలా పడుకుని, కిటికీ నిండా ఆకాశం చూస్తూ నిద్రపోయాను.

వారం తిరక్కుండా కెన్లీ ఫొటో పంపింది. టీవీ వెనక గోడంతా మన చెక్కలే. వాటి నడుమ 'పొలం' అని రాసిన బోర్డు ఒకటి. కార్పెట్ మీద కూర్చున్నవాళ్ళకు అనుమానం రాకుండా కాబోలు. కింద, "మీ కొట్టం మా హాల్లో హాయిగా ఉంది, బామ్మగారూ!" అని రాసింది.

ఉండనివ్వండి, ఆ కొట్టం సొంతదారు, మా పక్కింటి లోరెన్, చలికాలం గడపడానికి వెళ్ళిన అరిజోనా నుంచి ఏప్రిల్‌లో గానీ తిరిగి రాడు.

— వెల్డా హాక్‌మన్, ఎనభై ఒకటి. ప్రస్తుతానికి అదే ఇల్లు, అయోవా.