పక్క సీటు

చక్రం కింద నిమ్మకాయ పెట్టబోతున్న ఉపేందర్ చేతిని ఎవరో పట్టుకున్నారు.

తలెత్తి చూస్తే ఒక ముసలాయన. మాసిన అంగీ, భుజాన తువ్వాల.

"బిడ్డా, ఈ బండిని లోడుతోటి తియ్యకు."

నాచారంలో మెకానిక్ దయాకర్ షెడ్డు ముందు ఉపేందర్ పాత పికప్ పెళ్లికొడుకులా ముస్తాబై ఉంది. దాని వెనక ఇరుసు పీకేసి, పాత ఇనుము దుకాణం రాజయ్య దగ్గర కొన్న లారీ ఇరుసు బిగించారు. పెద్ద బండ్లు వచ్చాక చిన్న పికప్‌ను కిరాయికి పిలిచేవాడే లేడు. ఇక తనదీ పెద్ద బండే. నారపల్లి వెంచరుకు పోయే షాబాదు బండలు నిండా ఎక్కించుకున్నాడు.

ముసలాయన బండి కిందికి వంగాడు. ఇరుసు మీది అతుకును వేలితో తడిమాడు. ఆ వేలు అక్కడే కాసేపు ఆగిపోయింది.

"కావడిబద్ద గట్టిగుంటె సాలదు బిడ్డా, మోసెటోని మోకాళ్లు సూడాలె. ఇవి లారీ బ్రేకులు. నీ పికప్ పెడల్‌కు వీటిని పట్టే దమ్ముండదు."

దయాకర్‌కు మండింది. "ఓ తాతా! మెకానిక్‌వు నువ్వా, నేనా? పొద్దుగాల్నే తోలి సూసిన. గీత గీసినట్టు ఆగింది."

"ఖాళీ బండిని తోలినవ్."

"మంచి గడియల ఈ అపశకునం మాటలేంది? జరుగు!" ఉపేందర్ చెయ్యి విదిలించుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టాడు. మొదటి లోడుకు ఇంటామె పక్కన కూర్చోవాలనేది వాళ్లింటి రివాజు. తారామణి కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పక్క సీటెక్కింది.

ముసలాయన ఆ తలుపు దగ్గరికి నడిచాడు. ఇప్పుడు గొంతు మారింది.

"నారపల్లిల మా బిడ్డ ఇల్లుందమ్మా. కాళ్లు గుంజుతున్నయ్. నీ జాగ నాకియ్యవా?"

ఉపేందర్ పకపకా నవ్వాడు. "ఇంతసేపు బండి తియ్యొద్దంటివి. మల్ల అదే బండెక్కుతవా?"

"ముసలి నోరు బిడ్డా. పట్టించుకోకు."

"ఎనక బండల మీద కూసో పో."

"నడుము లెవ్వదు. గీడనే కావాలె."

మంచి గడియలో ముసలి ప్రాణాన్ని కాదనడానికి తారామణికి మనసొప్పలేదు. మూతి ముడుచుకుంటూ దిగింది. "పో, ఎక్కు! ఏం మొండి ముసలోడమ్మా. నేను బస్సుల వస్త తియ్."

ఉప్పల్ దాటారు. అంత బరువుకూ ఇరుసు కిక్కురుమనకపోయేసరికి ఉపేందర్ మీసం దువ్వాడు.

"సూసినవా తాతా, ఏనుగు లెక్క మోస్తుంది!"

"మోస్తది బిడ్డా. మోసుడు దానికి కొత్త గాదు."

రోడ్డు దిగుడు మొదలైంది.

ఉపేందర్ బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా నేలకు తాకింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలకే. వెనకనుంచి బండల బరువు తోసుకొస్తోంది. ఎదురుగా బస్టాపు. బస్టాపు నిండా జనం.

"తాతా! ఆగుతలేదు!"

"గేరు దించు. ఎడమకు కొట్టు. ఆ కంకర కుప్పకు."

"నీ దిక్కు గుద్దుకుంటది!"

"నా దిక్కే. కొట్టు బిడ్డా!"

కొట్టాడు.

దవాఖానాలో తలకు కట్టుతో ఉపేందర్ నేల చూస్తూ కూర్చున్నాడు. స్ట్రెచర్ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

తారామణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నారపల్లిల బిడ్డ ఉన్నదనె. పేరన్న అడగకపోతిమి. ఆమెకు ఎట్ల చెప్పాలె?"

దయాకర్ వెంట వచ్చిన రాజయ్య గుడ్డ తొలగించి చూశాడు.

"బుచ్చిరాములన్న..."

"ఎరుకనా నీకు?" తారామణి అడిగింది.

"ఆ ఇరుసు నా దుకాణంల ఏసిందే ఈయన. 'అమ్మకు రాజయ్యా, కరగబెట్టు' అని చేతులు పట్టుకున్నడు. నేనే... ఆశపడి అమ్ముకుంటి. పొద్దుగాల వచ్చి ఇరుసేదని అడిగితే, నాచారం షెడ్డుకు పోయిందని చెప్పిన."

"మరి ఆ బిడ్డ?"

రాజయ్య తారామణి ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఏడున్నదమ్మా బిడ్డ! అల్లుడు ఇదే ఇరుసు పాత బండికి ఏయించిన నాడు, మొగని పక్క సీట్ల కూసోని బయలెల్లింది... నారపల్లి చేరనే లేదు."